తోడు బతుకమ్మ

జూన్ 12, బుధవారం

కొత్త బడి. తొమ్మిదో తరగతి. ఎవరూ నన్ను ఏడిపించలేదు, ఎవరూ తిట్టలేదు. అసలు మాట్లాడితే కదా తిట్టడానికి! లంచ్‌లో అమ్మాయిలంతా మరాఠీలో ముచ్చట పెట్టుకున్నారు. నేను నీళ్ల ట్యాంకు వెనక కూచుని పొద్దున నేనే వండిన పప్పన్నం తిన్నాను. ఉప్పు వేయడం మరిచిపోయాను. బాపు కూడా అదే అన్నం టిఫిన్‌లో కట్టుకుని పోయాడు, పాపం.

ఇది ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ వైపు ఉన్న ఊరు. ఇంకాస్త పోతే మహారాష్ట్రే. మాది వేములవాడ. బాపు పోయిన ఏడాది దాకా సాంచాల మీద గుడ్డ నేసేవాడు. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోతే ఎవరో చెప్పగా ఇక్కడి జిన్నింగ్ మిల్లుకు వచ్చాడు. పగలు మిషన్ల రిపేరు, కొన్ని రాత్రులు కాపలా. హోటల్ తిండి పడక రెండుసార్లు దవాఖానాలో పడ్డాడు. కాబట్టి ఆయనకు వండిపెట్టే మనిషి కావాలి. అవ్వ రాలేదు, ఎందుకంటే నాయినమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. ఆమెను పక్కకు తిప్పాలన్నా అవ్వే కావాలి. ఇంక మిగిలింది ఎవరు? నేను.

నన్ను ఎవరూ అడగలేదు. పోరి పోతది తియ్యి, గింత బువ్వ వండరాదా దానికి అని నాయినమ్మ మంచంలో నుంచే తేల్చేసింది. బయల్దేరే రోజు అవ్వ నా జడ కళ్లు గుంజుకుపోయేంత గట్టిగా అల్లింది.

జూన్ 14

మధులిక మేడం తెలుగూ చెబుతుంది, సోషలూ చెబుతుంది. సోషల్‌కు టీచర్ రాలేదట. నా కాంపోజిషన్ చూసి, ఇంట్లో మాట్లాడినట్టే రాశావు, చదవడానికి బాగుంది గానీ పరీక్షలో మార్కులు కోసేస్తారు అంది. రోజూ ఒక పేజీ పుస్తకం భాషలో రాయమంది. రాస్తూ ఉంటే చేతికి అదే అలవాటవుతుందట.

అందుకే ఈ డైరీ. ఇంట్లో ఒక భాష, పరీక్షలో ఒక భాష, లంచ్‌లో ఒక భాష. ఒక్క బుర్రకు ఎన్నని! అమ్మను మాత్రం అవ్వ అనే రాస్తాను. దానికి మార్కులు పోతే పోనీ. కోపం వచ్చినప్పుడు పుస్తకం భాషే వస్తుందని కూడా గ్యారంటీ లేదు.

జూన్ 20, రాత్రి

ఇక్కడ రాత్రయితే ఏ చప్పుడూ ఉండదు. సాంచాల చప్పుడు లేకుండా వీళ్లందరికీ నిద్ర ఎట్లా పడుతుందో.

జూన్ 29

పక్కింటి ముసలావిడ పేరు సక్కుబాయి. సాయంత్రం గిన్నెలు తోముతుంటే దడి మీద నుంచి తొంగి చూసి జేవలీస్ కా అంది. ఏదో అడుగుతోందనుకుని లోపలికి పరుగెత్తి అగ్గిపెట్టె తెచ్చిచ్చాను. ఆమె పళ్లు లేని నోరు మూసుకుని ఒకటే నవ్వు. తర్వాత చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నట్టు చూపించింది. తిన్నావా అని అర్థమట.

ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. తినలేదు అని తల ఊపాను. అరచేతి మందాన జొన్నరొట్టె, దాని మీద మిరపకారం పెట్టి దడి మీద నుంచి అందించింది. ఇక్కడ దాన్ని భాకర్ అంటారు. కళ్లలో నీళ్లొచ్చాయి, కారానికే అనుకుందాం.

ఆమె మనవరాలు ప్రణాలి నా క్లాసే. ఫస్ట్ బెంచి. నాతో ఇంకా మాట్లాడలేదు.

జులై 9

మరాఠీ నేర్చుకుంటున్నాను. అక్షరాలు హిందీవే కాబట్టి చదవడం ఈజీ. అర్థం కావడమే కష్టం. టీచర్ సక్కుబాయి, క్లాస్‌రూమ్ దడి. బర్రెను చూపించి చెబుతుంది, చీపురును చూపించి చెబుతుంది, తప్పు పలికితే నెత్తిన మెల్లగా మొట్టుతుంది. ఫీజు లేదు.

ఈరోజు బాపుది రాత్రి డ్యూటీ. దీపం ఒక్కటే వెలుగుతుండటం చూసి ఏక్టీచ్ అని అడిగింది. ఒక్కదానివేనా అని. అవునన్నాను. తన చాప తెచ్చి మా వాకిట్లో వేసుకుని పడుకుంది. గురక మాత్రం పెద్ద సాంచ అంత. హాయిగా నిద్రపట్టింది.

జులై 22, సోమవారం

సోషల్ ప్రాజెక్టు: మా ఊరి చరిత్ర. వేములవాడ చాళుక్యులు, రాజన్న గుడి, గుడిలోనే దర్గా, కోడె మొక్కులు, అన్నీ రాశాను. మేడం మంచిగుందని నాతో చదివించింది. వినేవాళ్లు మాత్రం ఆవులించారు. అప్పుడు మేడం, రాజుల ముచ్చట్లే చరిత్ర కాదు, మీ గల్లీలో ఎవరెవరు ఉంటారో అది కూడా చరిత్రే అంది.

సరేనని ఇంటికొచ్చి మా గల్లీ పటం గీశాను. ఇంకో చార్ట్ మీద, పెన్సిల్‌తో. నాకు పటాలు గీయడం ఇష్టం. ఆరో తరగతిలో గోదావరి గీస్తే సార్ స్టాఫ్‌రూమ్‌లో అంటించాడు. మూల మీద కోడెలు కట్టే కొట్టం, తర్వాత బీడీల కంపెనీ, తర్వాత టైలర్, తర్వాత శంకరవ్వ ఇల్లు, చివరికి బోరింగు. కానీ శంకరవ్వ ఇంటికీ బోరింగుకూ మధ్య ఏదో ఉండాలి. రోజూ బడి నుంచి వస్తూ అటే చూసేదాన్ని. ఏముందో గుర్తు రావడం లేదు.

గంటసేపు ఆలోచించాను. రాలేదు. వచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే మరిచిపోతున్నాను. దండెం మీది బాపు తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాను. ఖాళీ దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి పటాన్ని గోడకు అంటించాను.

ఆగస్టు 6

ప్రణాలికి తెలుగులో గుడ్డులాంటి సున్నా. మేడం ఆమెను తెచ్చి నా పక్కన కూచోబెట్టింది. ఆమె నాతో అన్న మొదటి మాట, తెలుగు అక్షరాలన్నీ జిలేబీల్లా ఉంటాయని, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియదని. మరాఠీలోనే చెప్పింది, నాకు అర్థమైంది! నాకే ఆశ్చర్యం. ఇద్దరం నవ్వినందుకు మేడం కసిరింది.

ఒప్పందం కుదిరింది. నేను ఆమెకు తెలుగు, ఆమె నాకు మరాఠీ.

ఆగస్టు 15

జెండా వందనం. ప్రణాలి తన గ్యాంగ్‌తో నిలబడింది. చాక్లెట్లు పంచేటప్పుడు నా పక్క నుంచే పోయింది, చూడను కూడా చూడలేదు. అంటే నేను తెలుగు పీరియడ్ వరకే దోస్తునన్నమాట! పనికొచ్చినంతసేపే. ఇక్కడ బాపుకూ అంతే కదా, అన్నం వండడానికే పనికొస్తున్నాను. పోనియ్, నాకేం ఫికర్ లేదు.

ఆగస్టు 16

ఉంది ఫికర్.

ఆగస్టు 25, సాయంత్రం

అవ్వ రోజూ బాపు ఫోన్‌కు చేస్తుంది. మంచిగున్నవా బిడ్డా అంటుంది. మంచిగున్న అంటాను. తిన్నవా, తిన్న. బడికి పోయినవా, పోయిన. ఇంతే. పక్కనే బాపు బూట్లు విప్పుకుంటూ కూచుని ఉంటాడు, ఆయన ముందు నన్ను తీసుకుపో అని ఎట్లా అనను? ఆయన నోట్లో నాలుక లేని మనిషి. కూరలో కారం ఎక్కువైనా గటగటా నీళ్లు తాగుతాడు గానీ అనడు.

ఒకటి డిసైడ్ చేసుకున్నాను. అవ్వ బతుకమ్మకు వస్తే, ముఖం చూస్తూ అడుగుతాను. అవ్వా, నన్ను మనూరికి తోల్కపో అని. ఫోన్లో అడిగితే కాదనవచ్చు. ముఖం చూస్తే అనలేదు.

సెప్టెంబర్ 15

సద్దులకు వస్త బిడ్డా, ఒక్క రాత్రి శంకరవ్వను ముసలమ్మ దగ్గర పండుమంటే ఒప్పుకుంది అని చెప్పింది అవ్వ! బాపుకూ చెప్పింది. నేను ఫోన్ పెట్టేసి వాకిలంతా గెంతాను. సక్కుబాయి దడి మీద నుంచి చూసి తనూ చప్పట్లు కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

సద్దుల బతుకమ్మ అంటే ఆఖరి రోజు, పెద్ద బతుకమ్మను పేర్చి ఆడి నీళ్లలో సాగనంపే రోజు. మిగతా ఊళ్లలో తొమ్మిదో రోజు. మా వేములవాడలో ఏడో రోజే. టీవీలో అందరూ తొమ్మిదో రోజు ఆడుతుంటే మేం మలీద ముద్దలు అయిపోగొట్టి కాళ్లు చాపుకుని చూసేవాళ్లం. అవ్వ పుట్టిల్లు కరీంనగర్ అవతల, అక్కడ తొమ్మిది. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఉన్నన్నాళ్లు రెండుచోట్లా ఆడేవాళ్లమట. నాకు గుర్తులేదు. నాకు తెలిసింది ఏడే.

పెద్ద బతుకమ్మ అవ్వది. పక్కన పెట్టే చిన్నది, తోడు బతుకమ్మ, నాది. బతుకమ్మను ఒక్కదాన్నే పెట్టగూడదు. పక్కన తోడు ఉండాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చిన్నది నేనే పేరుస్తున్నాను. మొదట్లో ఒకపక్కకు ఒరిగి పడేది, అవ్వ దాని కింద ఒక గుమ్మడాకు దోపి నిలబెట్టేది.

అక్టోబర్ 1

రేపట్నుంచి సెలవులు. మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ కూడా రేపే. క్లాసులో అందరికీ చెప్పాను, ఎనిమిదో తారీఖు సాయంత్రం మా వాకిట్లో సద్దుల బతుకమ్మ, రండి, మా అవ్వ వస్తుంది, మలీద ముద్దలు పెడుతుంది అని. సగం తెలుగులో, సగం మరాఠీలో. కొందరు తల ఊపారు. ప్రణాలి కూడా ఊపింది. మా లైన్‌లో ఉండే తెలుగువాళ్లకు, చివరింటి కనకవ్వకు కూడా, ఇంటింటికీ పోయి చెప్పాను.

అక్టోబర్ 7

ఆరో రోజు. అలిగిన బతుకమ్మ అంటారు, ఈరోజు ఎవరూ పేర్చరు. నేను పొద్దంతా వాగు ఒడ్డున గునుగు, చేల గట్ల మీద తంగేడు కోసుకొచ్చాను. ప్రణాలి వాళ్ల ఇంటి బంతిపూలు. అన్నీ తడిబట్టలో చుట్టి పెట్టాను. వేళ్లకు పసుపు రంగు అంటి పోవడం లేదు. రేపు అవ్వ ఇది చూసి నవ్వుతుంది.

అక్టోబర్ 8, మధ్యాహ్నం 2

చిన్నది పేర్చాను. ఒరగలేదు! పెద్ద తాంబాళం కడిగి ఖాళీగా పెట్టాను. అది అవ్వది. దానికి కావలసిన పూలు పక్కనే ఉన్నాయి. పొద్దుటి బస్సులో రాలేదు. మధ్యాహ్నం బస్సు కూడా పోయింది. నిర్మల్‌లో ఆగి ఉంటుంది.

అక్టోబర్ 8, 5 గంటలు

ఇంకో బస్సుంది.

అక్టోబర్ 8, రాత్రి

ఆఖరి బస్సులో నుంచి ఇద్దరు దిగారు. ఇద్దరూ మగవాళ్లే.

ఎవరూ రాలేదు. అవ్వ రాలేదు, క్లాసువాళ్లు రాలేదు, లైన్‌వాళ్లు రాలేదు. పొద్దు గుంకేటప్పుడు కనకవ్వ పత్తి చేను నుంచి నెత్తిన గడ్డిమోపుతో పోతూ ఆగింది. సద్దులు ఇంక ఎల్లుండి గద బిడ్డా, గిప్పుడే పేర్చినవేంది అంది. మాకు ఏడో రోజే అన్నాను. మీ ఊరి లెక్క మీ ఊర్లె, ఏ ఊర్లె ఉంటే ఆ ఊరి లెక్క వట్టాలె గని అంటూ పోయింది. ఎల్లుండి గుడి కాడికి రమ్మంది. అంటే ఇక్కడ ఎవరికీ ఈరోజు పండుగే కాదు. నేను ఇంటింటికీ పోయి చెబుతుంటే చిన్నపోరి ఏదో వాగుతోందని తల ఊపారు.

వాళ్లను వదిలెయ్, వాళ్లు పరాయివాళ్లు. అవ్వకు తెలియదా? ఆమె వేములవాడ కోడలు. ఏడో రోజని ఆమెకు నేను చెప్పాలా? వస్త అన్నది. రాలేదు. నాయినమ్మకు ఏమన్నా అయితే ఫోనన్నా చేస్తది గద! చెయ్యలే. నన్ను గీ అడవిల వడేసి మరిచింది. అంతే.

చీకటి పడుతుంటే ఒక్కదాన్నే తిరిగాను. తోడు బతుకమ్మ చుట్టూ, వంగి, చప్పట్లు కొడుతూ. ఉయ్యాలో అని నేనే అని నేనే వంత పాడుకున్నాను. ఒక్కరే ఆడితే చుట్టు కుదరదు. ఎంత తిరిగినా వెనక ఎవరూ ఉండరు, ముందు ఎవరూ ఉండరు. ఎవరన్నా చూస్తే పిచ్చిదనుకుంటారని తెలుసు. అయినా ఆపలేదు, కోపంతోనే తిరిగాను.

దడి దగ్గర ప్రణాలి నిలబడి ఉంది. ఎప్పట్నుంచి చూస్తోందో. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి నా వెనక చేరింది. చప్పట్లు తప్పు, అడుగులు తప్పు, పాట అసలే రాదు. అయినా తిరిగింది. తర్వాత ఇద్దరం టార్చి పట్టుకుని వాగుకు పోయి సాగనంపాం. అవ్వ కోసం ఉంచిన పూలన్నీ విడిగానే నీళ్లల్లో గుమ్మరించాను.

ఇప్పుడే అవ్వ ఫోన్ చేసింది. నేను దుప్పటి కప్పుకుని, పడుకున్నానని చెప్పమని బాపుకు సైగ చేశాను. పండుకుంది అన్నాడు. ఎందుకు రాలేదని అడుగుతాడేమో అని చెవులు రిక్కించాను. అడగలేదు. మా అవ్వ, అంటే నాయినమ్మ, మంచిగున్నదా, మంచిది, పెట్టేస్తున్న. అంతే.

అక్టోబర్ 9, పొద్దున 5

ప్రణాలి వాళ్లు మాహూర్ పోతున్నారు, రేణుక దేవి దగ్గరికి. రెండు రాత్రులు అక్కడే. జీపులో చోటుంది, మంజులను, అంటే నన్ను, పంపమని సక్కుబాయి వచ్చి అడిగింది. బాపు నా ముఖం చూశాడు. రాత్రి ఏడ్చిన కళ్లు కదా. పో బిడ్డా, జర తిరిగి రా, నేను వండుకుంట తియ్యి అన్నాడు.

సక్కుబాయి జడ వేసింది. వదులుగా. ప్రణాలి జీపులో నాకు కిటికీ పక్క సీటు ఆపింది. నాలుగు నెలల్లో మొదటిసారి మనసు కాస్త తేలికగా ఉంది. అవ్వ ఫోన్ చేస్తే చేసుకోనీ.

అక్టోబర్ 11, మధ్యాహ్నం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ప్రణాలి జిలేబీ ముచ్చట నిజమే.

జీపు దిగి లోపలికి వస్తే వాకిలి అలికి ఉంది. మా వాకిలి జూన్ నుంచి ఎవరూ అలకలేదు. పేడ ఆరిపోయి గట్టిపడింది. దాని మీద గుండ్రంగా అడుగులు. ఒక్క మనిషివే. కుడికాలి చిటికెనవేలు నేలకు ఆనని అడుగులు. ఎప్పుడో బండ పడి ఆ వేలు వంకరపోయింది. ఆ కాలు నాకు ఎక్కడైనా తెలుసు.

బాపు గడపలో కూచుని ఉన్నాడు, డ్యూటీకి పోలేదు. అవ్వ నిన్న మధ్యాహ్నం వచ్చిందట. ఏడో రోజు వేములవాడలో ఇంటి కోడలుగా తప్పకుండా పేర్చాల్సిందేనని నాయినమ్మ పట్టుబట్టిందట. తొమ్మిదో రోజు బిడ్డ ఉన్న ఊళ్లో ఆడదామని అక్కడ సాగనంపి ఇక్కడికి బయల్దేరిందట. ఏ ఊర్లె ఉంటే ఆ ఊరి లెక్క గద అన్నదట, కనకవ్వ అన్నట్టే. బాపు కూడా నాలాగే ఏడో రోజే అనుకున్నాడు. మొన్న రాత్రి డ్యూటీలో అవ్వ ఫోన్ ఎత్తలేకపోయాడట. వేములవాడలో పుట్టినవాళ్లం ఇద్దరమే తప్పాం.

ప్రణాలి వాళ్ల నాన్నకు ఫోన్ మీద ఫోన్ చేశాడట. స్విచ్చాఫ్. అక్కడ గుట్ట మీద జనంలో చార్జింగ్ పెట్టేచోటు కూడా దొరకలేదు. అవ్వ దీపాలు పెట్టేదాకా వాకిట్లో కూచుందట. పెద్ద బతుకమ్మ ఒక్కటే పేర్చిందట. చిన్నది పేర్చవా అని కనకవ్వ అడిగితే, అది నా బిడ్డది, నేను ముట్ట అన్నదట. చీకటి పడ్డాక ఒక్కతే చుట్టూ తిరిగి ఆడిందట. బాపు మిల్లు నుంచి వచ్చి దడి బయటే ఆగిపోయాడట, లోపలికి రాబుద్ధి కాలేదట. తర్వాత కనకవ్వ వాళ్లతో కలిసి వాగుకు పోయింది.

పొద్దున మొదటి బస్సుకు పోయింది. శంకరవ్వ ఒక్క రాత్రికే ఒప్పుకుంది.

మా జీపు ఆదిలాబాద్ బస్టాండ్ ముందు పండుగ రద్దీలో ఇరుక్కుంది. నేనూ ప్రణాలీ పల్లీలు కొనుక్కుని పొట్టు కిటికీలోంచి ఊదుతూ నవ్వుకుంటున్నాం. అప్పుడు అవ్వ లోపల బస్సు కోసం నిలబడి ఉంటుంది. అంతే దూరం. గోడ ఒక్కటే అడ్డం.

గోడకున్న మొలకు ఒక సంచి వేలాడుతోంది. ఖాళీది. నా బట్టలకని తెచ్చిందట. వేములవాడ బడిలో పెద్దసారుతో మాట్లాడి వచ్చిందట. సెలవులైనంక వచ్చినా చేర్చుకుంటనన్నడు, తోల్కపోత, నువ్వెట్లన్న జేసుకో అని బాపుకు చెప్పిందట. నేను ఎప్పుడూ అడగలేదు కదా, ఆమెకెట్లా తెలిసింది అన్నాను. బాపు నేల చూశాడు. నేను నిద్రపోయాక గోడ మీది పటం ఫోటో తీసి పంపాడట. ఆగస్టులోనే.

నోట్లో నాలుక లేని మనిషని రాశాను. తప్పు. కొట్టేయను, అట్లాగే ఉండనీ.

అక్టోబర్ 11, సాయంత్రం

అవ్వకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. మాహూర్ల దర్శనం మంచిగయిందా అని అడిగింది. అయింది అన్నాను. వెనక నాయినమ్మ దగ్గు వినిపించింది. చివరికి ఏదో ఒకటి అడగాలని, శంకరవ్వ ఇంటికీ బోరింగుకూ మధ్య ఏముంటుందవ్వా అని అడిగాను. ఏముంటది బిడ్డా, ఏం లేదు, ఖాళీ జాగనే, నువ్వు బడి నుంచి అచ్చేటప్పుడు నేను ఆడ నిలవడేదాన్ని అంది.

మూలన తడిబట్టలో చుట్టి పూలు ఉంచిపోయింది. చిన్నదానికి సరిపోయేన్ని. గునుగుకు రంగు అద్ది, కాడలు సమంగా కోసి. వేములవాడ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పూలు.

కూచుని పేర్చాను. కనకవ్వ చూసి, సాగనంపినంక మళ్ల బతుకమ్మనా, ఎక్కడన్న ఉన్నదా బిడ్డా అని నవ్వబోయి ఆగిపోయింది. వాకిలి మధ్యలో పెట్టి అవ్వ అడుగుల్లో అడుగు వేస్తూ తిరిగాను. నా కాళ్లు ఆమె కాళ్లంత అయ్యాయి, ఎప్పుడయ్యాయో తెలియదు. ఆమె చుట్టు పెద్దగా వేసింది, ఇంకో మనిషి పట్టేంత. దడి దగ్గరికి ప్రణాలి వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు, నేను పిలవలేదు.

అక్టోబర్ 12, దసరా

బాపు చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాను. గట్టిగా పట్టుకున్నాడు. నువ్వు పో, నాకు ఇప్పుడు వండుకొనుడు అచ్చింది అన్నాడు. మధ్యాహ్నం వండి చూపించాడు. అడుగంటింది. ఇద్దరం పైపైన తిన్నాం.

ప్రణాలి కూడా ఆకు తెచ్చింది. వాళ్లది వేరే చెట్టు ఆకు, దాన్నే బంగారం అంటారు. నా చేతిలో పెట్టి, నువ్వు పోతవా అని అడిగింది. తెలుగులో. ఆమె తప్పు లేకుండా మాట్లాడిన మొదటి తెలుగు వాక్యం. మేడం ఉంటే చప్పట్లు కొట్టేది.

అక్టోబర్ 13

సంచిలో రెండు డ్రెస్సులు పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.

అక్టోబర్ 14

గోడ మీది పటం తీసి వెనక్కి తిప్పి ఇంకో పటం గీశాను. సక్కుబాయి ఇల్లు, దడి, కనకవ్వ ఇల్లు, బడి, నీళ్ల ట్యాంకు, వాగు, జిన్నింగ్ మిల్లు. ఇక్కడా ఏదో ఒకటి మరిచిపోతానని భయం. మా వాకిట్లో ఒక గుండ్రం గీశాను. బాపు పొద్దున వాకిలి ఊడుస్తూ ఆ అడుగులను వదిలి చుట్టూ ఊడ్చాడు.

సక్కుబాయి నాలుగు భాకర్లు కట్టిచ్చింది. తన మాటలేవీ నాకు అర్థం కాలేదు, ఏడుస్తూ మాట్లాడింది కదా.

అక్టోబర్ 15, బస్సుల

సంచి ఒళ్లె వెట్టుకున్న. బస్సు కదిలినంక ఎనకకు చూసిన. బాపు ఇంక ఆడనే నిలవడ్డడు, చేతిల టిఫిన్ డబ్బతోని. పొద్దుగాల ఆయినే వండిండు, ఉప్పెయ్య మరిచిండు. నేను చెప్పలే, తిన్న.

జేవలీస్ కా అని సక్కుబాయి దినాం నన్ను అడుగుతుండె. బాపును ఎవలడుగుతరు?